తాండూరు దారిలో ఇంకో ఇరవై నిమిషాలు

ఎలక్ట్రిక్ కారు కొనాలనుకునేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "దూరం పోతే ఛార్జింగ్ ఎట్లా మేడం?" ఇదివరకు నవ్వి, ఫోన్‌లో పచ్చ చుక్కలు చూపించేదాన్ని. చుక్క ఉన్నచోటల్లా ఒక మిషను ఉంటుంది, అరగంట నిలబడితే చాలు అని ధీమాగా చెప్పేదాన్ని. మొన్న మే నెలలో వికారాబాద్ మీదుగా తాండూరు అవతలికి ఒక ప్రయాణం చేసి వచ్చాక అట్లా చెప్పడం మానేశాను. ఆ దారిన పోనివాళ్ళ కోసం, ముఖ్యంగా నాలాగా అన్నీ తెలుసనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

పటాన్‌చెరు

పొద్దున ఆరింటికి గేటు చప్పుడైతే వెళ్ళి చూశాను. ఎస్తేరమ్మ. నేను ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పిన బళ్ళో ఆమె ఆయా. నాకంటే రెండేళ్ళు పెద్దది. నేను రిటైరయ్యాక కూడా, రెండు వీధుల అవతలే ఇల్లు కాబట్టి, రోజుకొకసారి వచ్చి పలకరించి పోతుంది. ఆ వేళప్పుడు మాత్రం ఎప్పుడూ రాలేదు.

"మా అక్క పోయింది టీచరమ్మ," అంది. "రాత్రి పండుకున్నది పండుకున్నట్టె పోయిందంట. యోహాను ఫోన్ చేసిండు."

యోహాను ఆమె అక్క కొడుకు. అక్క పేరు దీనమ్మ. తాండూరు దాటాక కర్ణాటక వైపు ఇరవై కిలోమీటర్ల దూరంలో వాళ్ళ పల్లె. చిన్నప్పుడే తల్లి పోతే ఎస్తేరమ్మను చంకనేసుకుని పెంచింది ఆ దీనమ్మే. పుట్టింటివాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఎస్తేరమ్మ ఒక్కతే.

"మూడింటికి ఎత్తుతరంట. ఎండలకు ఆపలేరు గద. రైలుకో బస్సుకో పోత. మీకు చెప్పి పోదమని వచ్చిన."

"నా కారు పెట్టుకుని నీకు రైలెందుకు? నేను తీసుకుపోతాను, పద," అన్నాను.

"వద్దు టీచరమ్మ, మీకెందుకు పరేషాన్? బస్సుల నాకు ఫ్రీయే. ఆధార్ కార్డు గూడ పెట్టుకున్న."

నేను వినలేదు. ఆమె దుఃఖం చూసి అన్న మాటే అది, అందులో అబద్ధం లేదు. కానీ కారు కొని ఎనిమిది నెలలే అయింది, దానితో ఒకరికి పనికొచ్చే రోజు వచ్చిందన్న సంబరం కూడా ఎక్కడో లోపల ఉంది. చావు కబురు విన్న నిమిషంలో సంబరమేమిటని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అడుగుతూనే ఉన్నాను.

రాత్రి ఛార్జింగ్‌కు పెట్టిన కారు, మధ్యలో కరెంటు పోవడంతో నలభై ఏడు శాతం దగ్గర ఆగిపోయింది. లెక్కల టీచరును కదా, అక్కడే నిలబడి లెక్క వేశాను. వికారాబాద్ చేరేసరికి పదహారు శాతం మిగులుతుంది. అక్కడ ఫాస్ట్ ఛార్జర్ ఉంది, పచ్చ చుక్క వెలుగుతోంది. అరగంట ఆగితే పల్లె చేరడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. నేను తయారై ఎనిమిదింటికి బయల్దేరినా పన్నెండున్నరకల్లా అక్కడుంటాం. లెక్కలో తప్పేమీ లేదు.

మోమిన్‌పేట్

శంకర్‌పల్లి దాటాక రోడ్డు కాస్త ఖాళీ అయింది. మోమిన్‌పేట్‌లో ఆపమంది ఎస్తేరమ్మ. చీర కొనాలి.

పెళ్ళయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెస్తారు. ఇక్కడ దాన్ని తల్లిగారి చీర అంటారు. మా ఇళ్ళల్లోనూ ఈ పద్ధతి ఉంది గానీ, ఎవరో ఒకరు తెచ్చి కప్పేస్తే సరిపోతుంది. ఎస్తేరమ్మ వాళ్ళు మూడు తరాలుగా చర్చికి పోతున్నారు, ఎన్నో పాత పద్ధతులు వదిలేశారు, ఇది మాత్రం వదల్లేదు. పుట్టింటివాళ్ళు వచ్చి, ముఖం చూసి, తమ చేత్తో చీర కప్పిన తర్వాతే పెట్టె మూస్తారు. ఆ కప్పే చెయ్యి ఈసారి ఎస్తేరమ్మది తప్ప ఇంకెవరిదీ కాదు.

బట్టల దుకాణం అప్పుడే తీస్తున్నారు. దుకాణం ఆవిడ చీపురు పట్టుకుని ఉంది. ఎవరికని అడిగింది.

"మా అక్కకు. తల్లిగారి చీర," అంది ఎస్తేరమ్మ.

ఆవిడ చీపురు మూలకు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, అప్పుడు చీరలు తీసింది. ఎస్తేరమ్మ తెల్ల అంచున్న లేత నీలం చీర ఎంచుకుంది. ఎనిమిది వందల యాభై అన్నారు. నేను అలవాటుకొద్దీ ఏడు వందలకు ఇవ్వమన్నాను. ఎస్తేరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గీ చీరకు బేరం చెయ్యొద్దు టీచరమ్మ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎస్తేరమ్మ డబ్బు ఇచ్చాక దుకాణం ఆవిడ తనంతట తానే యాభై వెనక్కిచ్చి, "పూలు కొనుక్కపోండ్రి," అంది. బస్టాండు దగ్గర చాయ్ తాగాను. పది రూపాయలు, అల్లం ఘాటుగా బాగుంది. ఎస్తేరమ్మ తాగలేదు. పీనుగు లేచేదాకా ఏమీ ముట్టదట.

వికారాబాద్

పదింబావుకు చేరాం. ఛార్జింగ్ స్టేషను ఊరి చివర, తాండూరు రోడ్డు మీద ఒక హోటల్ పక్కన ఉంది. రేకుల షెడ్డు, కింద బీరువా అంత మిషను, దాని మీద ఎవరో కప్పిన గోనెసంచి. సంచి తీసి చూస్తే స్క్రీను నల్లగా ఉంది. నా ఫోన్‌లో మాత్రం చుక్క పచ్చగానే వెలుగుతోంది. మిషను చచ్చిపోయినా యాప్‌కు కబురు అందలేదన్నమాట.

మెయిన్ స్విచ్చు ఉన్న చిన్న గదికి తాళం వేసి ఉంది. తలుపు మీద సున్నంతో రాసిన నంబరుకు ఫోన్ చేస్తే, "వస్తున్న మేడం, పది నిమిషాలు," అన్నాడు. గొర్రెల అరుపులు వినపడ్డాయి. ఆ పది నిమిషాలు గంటయింది. కేకలెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను గానీ, ఎండలో చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చిన మనిషిని చూసి ఊరుకున్నాను. పేరు మల్లప్ప, అరవై దగ్గర ఉంటాయి. గొర్రెల కాపరుల కుటుంబం. కొద్దిగా పొలం, పదిహేను గొర్రెలు, ఈ మిషను కావలి, మూడూ చూసుకుంటాడు.

"మిషను ఎందుకు ఆపావయ్యా?" అన్నాను.

"రాత్రంత కరెంటు ఎక్కువ తక్కువ అయ్యింది మేడం. మిషిని కాలిపోతదని మెయిన్ బంద్ చేసిన. మా బోరు మోటరు గిట్లనే రెండుసార్లు కాలింది. గింత పెద్ద మిషిని కాలితె ఎవరు తెస్తరు?"

గోనెసంచి కూడా ఆయనదే. ఎండకు స్క్రీను పాడవుతుందని కప్పాడట. బోరు మోటరును ఎట్లా కాపాడుకున్నాడో దీన్నీ అట్లాగే కాపాడుతున్నాడు. ఆపినప్పుడల్లా అది ఎవరికో ఒకరికి అందకుండా పోతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కంపెనీవాళ్ళు తాళంచెవి ఇచ్చి పోయారు, అంతే.

మెయిన్ వేశాడు. మిషను లైటు ఎర్రగా వెలిగింది. "ఎర్తింగు ఎండినట్టుంది," అని బకెట్టుతో నీళ్ళు తెచ్చి షెడ్డు వెనక గుంతలో పోశాడు. రెండు నిమిషాలకు లైటు పచ్చబడింది. ఇంజనీరు కూడా ఇంత త్వరగా కనిపెట్టడనుకున్నాను. పెట్రోలు బంకులో గొట్టం లాంటి ఆ గన్ను తెచ్చి కారుకు తగిలించాం. పదకొండు ఇరవై ఐదు. అంకెలు పెరుగుతుంటే ఎస్తేరమ్మ వైపు చూసి, "ఇంకో ఇరవై నిమిషాలు," అన్నాను.

ముప్పై ఒక్క శాతం దగ్గరుండగా హోటల్లో ట్యూబులైటు రెండుసార్లు మినుకుమంది. నేను దాన్ని పట్టించుకోలేదు. మల్లప్ప పట్టించుకున్నాడు. చేతిలో చాయ్ గ్లాసు అక్కడే పెట్టి గదిలోకి ఉరికి, మెయిన్ కిందికి లాగేశాడు.

"మీ బండి కాలకుండ జెప్పన బంద్ చేసిన మేడం!" అన్నాడు బయటికొచ్చి. ఒక ప్రమాదం తప్పించిన మనిషి ముఖం అది.

సరే, ఎక్కింది చాలు, పోదామని గన్ను లాగితే రాలేదు. ఛార్జింగ్ నడుస్తుండగా ఎవరూ పీకకుండా కారు దాన్ని లోపల బిగించి పట్టుకుంటుంది. కరెంటు అట్లా హఠాత్తుగా తెగేసరికి ఆ పట్టు అట్లాగే ఉండిపోయింది. తలుపులు తీసి వేశాను, తాళం వేసి తీశాను. మెయిన్ మళ్ళీ వేసినా మిషను స్క్రీను మీద ఏదో నంబరు తప్ప ఇంకేమీ రాలేదు. కట్టేసిన బర్రెలాగా కారు అక్కడే నిలబడింది.

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒక అమ్మాయి మర్యాదగా చెప్పింది, మనిషి బయల్దేరాడు, ఇరవై నిమిషాల్లో ఉంటాడని.

రెండు బస్సులు

పన్నెండు దాటాక తాండూరు బస్సు వచ్చింది. హోటల్ ముందు ఒకరిని దింపడానికి ఆగింది.

"అమ్మా, నువ్వు తాండూరు దిక్కె గద?" అన్నాడు మల్లప్ప ఎస్తేరమ్మతో. "ఎక్కు మరి. మేడం బండి అయినంక వస్తది."

ఎస్తేరమ్మ బస్సు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. చీర సంచి ఒళ్ళో పట్టుకుని, లేవడానికి సగం ఒంగి, నా మాట కోసం ఆగింది. ఇరవై ఆరేళ్ళు ఒకే బళ్ళో పనిచేశాం. గంట కొట్టాలన్నా నా వైపు చూసి కొట్టేది.

"మనిషి బయల్దేరాడట. ఇరవై నిమిషాలు. బస్సు కంటే ముందే పోతాం," అన్నాను.

కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది.

ఆమెను అందులో ఎక్కించాలని నాకు తోచలేదని చెబితే అబద్ధం. తోచింది. కానీ ఆమెను బస్సెక్కిస్తే పొద్దున ఆరింటి నుంచి నేను చేసిందంతా ఏమిటి? ఆమె రైలెక్కి ఉంటే ఈపాటికి అక్క పక్కన కూర్చుని ఉండేది. ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రాలేదు. మిషను మళ్ళీ లేస్తే నా మాట నిలబడుతుంది. నేను కావలి కాసింది దాని కోసం.

మల్లప్ప భోజనం మూట విప్పాడు. జొన్నరొట్టె, తాండూరు కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ. మాకూ పెట్టాడు. ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపింది. నేను తిన్నాను. పప్పు ఏమీ వెయ్యకుండానే కమ్మగా ఉంది, రెండోసారి వేయించుకున్నాను కూడా. పక్కన ఆమె పొద్దుటి నుంచి నీళ్ళు కూడా ముట్టలేదు.

ఒంటిగంటన్నరకు ఇంకో బస్సు. ఈసారి ఎస్తేరమ్మ లేవలేదు, నా వైపు చూడలేదు. బస్సును చూసి తల దించుకుంది. మల్లప్ప, "జర ఆటో పిలవాల్నా మేడం?" అన్నాడు. అప్పుడే ఫోన్‌లో ఆ అమ్మాయి, ఇంకో ఇరవై నిమిషాలు, అంటోంది. వద్దని చెయ్యి ఊపాను.

అసలు పనిచెయ్యని మిషనైతే మనల్ని ఏమీ చెయ్యదు. దాని దగ్గర ఆగం. రైలెక్కుతాం, బస్సెక్కుతాం. ఒకరోజు పనిచేసి, ఒకరోజు చెయ్యక, ఇదిగో అయిపోయిందనిపించే మిషనే మనిషిని నిలబెట్టి ముంచుతుంది. ఆ సంగతి ఆ షెడ్డు కింద నాకు తెలిసింది. తెలిశాక కూడా కూర్చునే ఉన్నాను.

రెండింటికి యోహాను ఫోన్ చేశాడు. ఎంత దూరం వచ్చారని అడిగాడు. "వస్తున్న కొడుకా. దగ్గర్ల ఉన్న," అంది ఎస్తేరమ్మ. మిషను సంగతి, నా సంగతి ఏమీ చెప్పలేదు.

మూడు కావస్తుండగా కంపెనీ నుంచి వేరే మనిషి ఫోన్‌లోకి వచ్చాడు. నా కారు ఏ రకమో అడిగి, "బానెట్ తీయండి మేడం. ఎడమ పక్క సన్నటి తీగ ఉంటుంది. లాగండి," అన్నాడు. లాగాను. టక్కుమని గన్ను నా చేతిలోకి వచ్చింది.

ఒక్క క్షణం పని. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ ముక్క ఉందట. పాఠం చదవకుండా పరీక్షకు ఎట్లా వస్తారని ముప్పై రెండేళ్ళు పిల్లల్ని నిలబెట్టిన మనిషిని నేను. ఆ పుస్తకం ఇంకా కవరు చింపకుండా డాష్‌బోర్డులో ఉంది. పల్లెకు సరిపడా ఛార్జింగ్ పన్నెండు కాకముందే ఎక్కింది. అక్కడి నుంచి మూడు గంటలు కారు కదలకపోవడానికి కారణం మిషను కొంత, నేను కొంత. ఎవరి వాటా ఎంతో ఆ లెక్క నాకు ఇంకా తేలలేదు.

"కోపం జేసుకోకుండ్రి మేడం. నేను మంచికే చేసిన," అన్నాడు మల్లప్ప. ఆయన మీద నాకు కోపం లేదు. అదే మాట నేను ఎస్తేరమ్మకు చెప్పుకోవాల్సి ఉంది, చెప్పలేదు.

తాండూరు

ఛార్జింగ్ మిగుల్చుకోవడానికి ఏసీ ఆపి నడిపాను. అద్దాలు దించితే వేడిగాలి. ఊరు దగ్గరపడుతుంటే రోడ్డుకు రెండు పక్కలా బండల దొంతర్లు, పాలిష్ మిషన్ల రొద, అంతా బూడిదరంగు దుమ్ము. చెట్ల ఆకులు కూడా అదే రంగు. మన ఇళ్ళల్లో చల్లగా కాళ్ళు పెట్టుకునే తాండూరు బండ ఇక్కడి నుంచి వస్తుందని తెలుసు గానీ, ఇంత ఎండలో కోసి మోస్తారని ఎప్పుడూ ఆలోచించలేదు.

"మా అక్క గీ బండలే మోసింది," అంది ఎస్తేరమ్మ. వికారాబాద్ దాటాక ఆమె మాట్లాడడం అదే మొదలు. "నెత్తి మీద గుడ్డ సుట్టుకొని మోసేది. ఆ కూలితోనె నన్ను ఏడో తరగతి దాక సదివిచ్చింది. ఆ సదువుకే నాకు బళ్ళె కొలువు దొరికింది."

ఇరవై ఆరేళ్ళలో నేను ఆమెను ఎంత చదివావని ఒక్కసారీ అడగలేదు.

తాండూరులోనూ ఒక ఛార్జర్ ఉంది, దాన్ని దాటుకుని పోయాం. మర్నాడు తిరిగి వస్తూ దాని దగ్గర ఆగాను. గన్ను తగిలించగానే పట్టుకుంది, ఇరవై రెండు నిమిషాల్లో సరిపడా ఎక్కింది. పక్కన కారాయన కన్నడ యాసలో, "ఇది మస్తు మంచిది మేడం, ఎప్పుడూ మోసం చెయ్యదు," అన్నాడు. సంతోషించాల్సిన విషయమే. నాకు ఏడుపొచ్చింది.

పల్లె

నాలుగున్నర దాటింది. ఇంటి ముందు టెంటు కింద ఖాళీ కుర్చీలు. అటు చేను దాటి సమాధుల దొడ్డి ఉందని ఒకావిడ చెయ్యి చూపింది. ఎస్తేరమ్మ చెప్పులు లేకుండా నడిచింది. నేను వెనక.

మట్టి పూడ్చేశారు. పారలు కడుగుతున్నారు. యోహాను నలభై ఏళ్ళవాడు, చిన్నమ్మను చూసి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"నాలుగింటిదాక ఆపిన చిన్నమ్మ. పాస్టరయ్య ఇంకో ఊరికి పోవాలంటె గూడ ఆపిన. కరెంటు లేదు, ఐసు లేదు. అమ్మ మొఖం మారుతుంటె సూడలేకపోయిన. తల్లిగారి చీర లేకుంటనె పంపిన."

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. వాళ్ళలో పెద్దావిడ గట్టిగానే అడిగింది. "తెల్లారంగ తెల్సిందానివి, గిప్పుడా వచ్చుడు?"

నేను నోరు తెరిచేలోగా ఎస్తేరమ్మ చెప్పింది. "నాదే తప్పు. ఇంట్ల పనులుండె. అన్ని సర్దుకొని ఎల్లెసరికి పొద్దువోయింది."

యోహాను ఏడుపు ఆపి ఆమె వైపు చూశాడు. "సావు కంటె పెద్ద పనా చిన్నమ్మ?"

ఆమె సంచిలోంచి నీలం చీర తీసి, మడత విప్పి, మట్టి మీద పరిచింది. గాలికి ఎగిరిపోతుంటే ఎవరో నాలుగు బండ ముక్కలు తెచ్చి మూలల మీద పెట్టారు. ముఖం ఉండేచోట చెయ్యి పెట్టి కూర్చుంది. నీళ్ళు తాగమంటే తాగలేదు.

కొంచెంసేపటికి యోహాను కళ్ళు తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. పట్నం నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చిన పెద్దమనిషిని పలకరించాలి కదా.

"మీరు కారు తెచ్చిన్రు గాబట్టి గీమాత్రమన్న వచ్చింది టీచరమ్మ. బస్సుకైతె మా చిన్నమ్మ రేపటికి గూడ రాకపోవు," అని రెండు చేతులు జోడించాడు.

కాదు నాయనా అనాలి. ఎస్తేరమ్మ కూర్చున్నచోటి నుంచే నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపింది. నేను యోహానుకు తిరిగి దండం పెట్టాను.